ఇటు తిరిగి చెప్పండి

ఆ కుట్టు కార్ఖానాలో అందరూ ఆమెను నవ్వులక్క అనేవారు. ఇరవై రెండు మిషన్ల మీద సూపర్వైజరు. ఎవరు జోకు వేసినా ముందు నవ్వేది ఆమే. నిజానికి ఆ జోకుల్లో సగం ఆమెకు వినబడేవే కావు.

తొమ్మిదో ఏట వచ్చిన జ్వరం రెండు చెవుల్నీ ముప్పాతిక వంతు తినేసి పోయింది. "నలుగురూ నవ్వితే నువ్వూ నవ్వు. అర్థం కాకపోతే తలూపు. వినబడలేదని మాత్రం చచ్చినా అనకు" అని తల్లి నూరిపోసింది. చెవిమిషను కనబడకుండా జుట్టు కిందికి దువ్వడం కూడా తల్లే నేర్పింది. ముప్పై ఏళ్లుగా ఆమె పెదవులు చూసి మాటలు పోల్చుకుంటూ బతికింది. కార్ఖానా మోతలో ఎలాగూ అందరూ అరుచుకుంటూ, సైగలు చేసుకుంటూ మాట్లాడతారు గనక అక్కడ ఆమె గుట్టు బయటపడలేదు.

ఒకరోజు యజమాని బీరువాలో ఏదో వెతుకుతూ, వీపు ఇటు పెట్టి కొత్త ఆర్డరు సంగతి చెప్పాడు. నాలుగు వందల చొక్కాలన్నది అందింది. పిల్లల సైజు అన్నాడో, పెద్దల సైజు అన్నాడో అందలేదు. మళ్లీ అడిగితే ఏమనుకుంటాడోనని తలూపి వచ్చేసింది. మొన్నటి ఆర్డరు బడిపిల్లలది కదా, ఇదీ అంతేనేమో అనుకుని కటింగ్ మాస్టరుకు పిల్లల సైజని చెప్పింది. ఆయన బట్టంతా కోసేశాడు.

కావలసింది పెద్దల సైజు.

యజమాని గొంతు చించుకున్నాడు. "పిల్లల సైజని ఎవడు చెప్పాడు?"

కటింగ్ మాస్టరు అరవై దాటిన మనిషి. ఆమెకు కత్తెర పట్టడం నేర్పింది ఆయనే. "అమ్మాయే చెప్పింది సార్" అన్నాడు.

అందరి కళ్లూ ఆమె మీద పడ్డాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి చెవి మీది జుట్టును సర్దుకుంది.

"నేను పెద్దవాళ్ల సైజనే చెప్పాను సార్. బాబాయికి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అంది.

కార్ఖానా అంతా గొల్లుమంది. మాస్టరు మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆగమని ఒక్కరూ అనలేదు.

ఆ రాత్రి తన నోట వచ్చిన ‘చెవిటి’ అన్న మాటే ఆమెకు పదే పదే గుర్తొచ్చింది. ఆ మాట ఎవరూ తనను అనకూడదనే ఇన్నేళ్లూ దాక్కుంది. చివరికి ఇంకొకరిని అన్నది తనే.

మూడో రోజు జుట్టంతా పైకెత్తి ముడి వేసుకుని, చెవిమిషను అందరికీ కనబడేలా యజమాని గదిలోకి వెళ్లింది.

"చెవుడు బాబాయికి కాదు సార్, నాకు. మీరు అటు తిరిగి చెప్పారు. నాకు వినబడలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను."

ఆయన ఆ మిషను వంక బల్లిని చూసినట్టు చూశాడు. "ముందే చెప్పుంటే నిన్ను పనిలోకి తీసుకునేవాణ్ణే కాదు."

"అందుకే చెప్పలేదు సార్."

సూపర్వైజరు పని తీసేసి, గుండీలకు కాజాలు కుట్టే మిషను ముందు కూర్చోబెట్టాడు. విన్న తల్లి నెత్తి కొట్టుకుంది. "ఇన్నేళ్లు కప్పిపెట్టిన పరువు బజార్న పెట్టావు కదే!"

"నువ్వు కప్పిపెట్టింది పరువు కాదమ్మా, నన్ను."

మాస్టరు ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన కుర్చీ ఆమెకు ఎదురుగా జరుపుకుని, నిదానంగా మాట్లాడాడు. "చెవుడు తప్పు కాదు తల్లీ. దాన్ని తిట్టు చేసి నా మీద విసిరావు చూడు, అది తప్పు."

"పనిలోకి రా బాబాయ్. సార్‌తో మాట్లాడాను, రమ్మన్నారు."

"రాను. నువ్వు అన్నావు సరే, వాళ్లంతా నవ్వారుగా."

ఎంత బతిమాలినా ఆయన రాలేదు.

ఇప్పుడు ఆమె రోజుకు పదిసార్లు అంటుంది, "వినబడలేదు, ఇటు తిరిగి చెప్పండి" అని. జోకు అర్థం కాకపోతే మళ్లీ చెప్పమంటుంది. రెండోసారి చెబితే చప్పబడిపోతుందని వాళ్లు విసుక్కుంటారు. నవ్వులక్కకు పొగరెక్కిందని చెప్పుకుంటారు.

కొత్తగా వచ్చిన కటింగ్ మాస్టరు చాటున నవ్వులక్కను చెవిటక్క అంటున్నాడని పక్క మిషను ఆమె చెప్పింది. ఈమె నేరుగా అతని బల్ల దగ్గరికి వెళ్లింది.

"వెనకాల అంటే నాకెలా తెలుస్తుందయ్యా? ఎదురుగా వచ్చి పిలువు, పలుకుతా."

అతను తల దించుకున్నాడు. వారం తర్వాత కాజాల మిషను ముందుకొచ్చి నిలబడ్డాడు.

"చెవిటక్కా, ఆ కట్ట అయిపోయిందా?"

ఆ పిలుపులో వెక్కిరింత పూర్తిగా పోలేదు. ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

"ఇంకో గంట పడుతుంది" అంది.