నాలుగో భుజం

ముగ్గురన్నలు, ఒక చెల్లెలు. నలుగురిదీ ఒకే అచ్చు. పొట్టి కాళ్ళు, వాకిలికి అడ్డంపడేంత భుజాలు. వీధివీధంతా వాళ్ళని రోళ్ళు అనేవారు. అన్నల్ని అంటే మెచ్చుకోలు, చెల్లెల్ని అంటే ఎగతాళి. ఇదెక్కడి న్యాయమండీ! పెళ్ళిచూపులకొచ్చిన ఒకావిడైతే, "పిల్లకి ఈ మగాడి భుజాలేంటమ్మా?" అని మొహమ్మీదే అనేసింది.

సామాన్లు మోయడం ఆ ఇంటి పని. బరువు కింద రెండు బొంగులు దూర్చి తండ్రీ, ముగ్గురు కొడుకులూ భుజానికెత్తుకునేవారు. అంతకుముందు ఉత్త బొంగుల మీద పలక వేసి, నిండు నీళ్ళచెంబు పెట్టి కాస్త దూరం నడవాలి. అది తండ్రి పెట్టిన ఆనవాయితీ. నీళ్ళు ఒలికాయా, భుజాలు కలవలేదని లెక్క. ఆ జట్టు బరువు ముట్టకూడదు.

తండ్రికి మోకాళ్ళు పోయి నాలుగో చోటు ఖాళీ అయింది. చెల్లెలు నాకిమ్మంది. పెద్దన్న వింటేగా! తాటిచెట్టంత మనిషినొకణ్ణి తెచ్చాడు. ఇవాళ్టి పని సజావుగా అయితే చోటు అతనికే ఖాయం. చెల్లెలు ఎప్పటిలా సామాన్లకు పాత దుప్పట్లు చుట్టుకుంటూ ఉండాల్సిందే.

వ్యాను పట్టని సందులోంచి అద్దాల బీరువా మోసుకెళ్ళాలి. పెద్దన్న చెంబు ఊసే ఎత్తలేదు. ఒలుకుతుందని తెలుసుగా మరి!

సందులో సగం దూరమైనా పోలేదు, బీరువా ఒరిగింది. బరువంతా పొడుగాయన పక్కనున్న చిన్నన్న మీద పడింది.

"దించండి బాబోయ్, చచ్చాను!"

ఎలాగో దించారు. ఈలోగా చెల్లెలు చెంబు నింపుకొచ్చింది.

"నేను పడతానన్నయ్యా."

"ఆడపిల్లవే నువ్వు! జనం ఏమనుకుంటారు?"

ఆమెకి ఒళ్ళు మండింది. "పుట్టినప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నారుగా! అచ్చం అన్నల్లా ఉందని నవ్వారు. నువ్వూ నవ్వావు. నవ్వడానికైతే మీ పోలిక, మోయడానికొచ్చేసరికి ఆడపిల్లనా? చెంబు పెట్టు. చుక్క ఒలికితే ఇంకెప్పుడూ అడగను."

"ఆటలనుకున్నావా? నడుం విరుగుతుంది."

"రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి జడుస్తానా? పెట్టు!"

పెద్దన్న కదల్లేదు. చిన్నన్నే రొప్పుతూ పలక పరిచి చెంబు పెట్టాడు. పెద్దన్న గొణుక్కుంటూనే బొంగు కింద భుజం పెట్టాడు. నలుగురూ లేచారు. సందు చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చారు. నీళ్ళు వణికాయి గానీ ఒలకలేదు.

"ఆ దుప్పట్లు ఇటివ్వమ్మా, నేను చూసుకుంటా," అన్నాడు పొడుగాయన. పాపం, మంచివాడే.

చెంబు గట్టుమీద పెట్టి బీరువా ఎత్తారు. ఈసారి అది పట్టాలమీద పోతున్నట్టు పోయింది. భుజం భగ్గుమంటోంది. అయినా చెల్లెలు పళ్ళు బిగపట్టింది.

వ్యాను దగ్గర ఇంటావిడ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, ఆడపిల్ల చేత మోయిస్తున్నారేంటయ్యా?"

పెద్దన్న నోరు తెరిచేలోపే చెల్లెలు అందుకుంది. "ఎవరూ మోయించట్లేదండీ. నేనే మోస్తున్నా. కాస్త పక్కకి జరగండి."

బీరువా వ్యానెక్కింది. ఆమె వెనక్కెళ్ళి, గట్టుమీది చెంబు ఎత్తి, ఆ నీళ్ళన్నీ తనే గటగటా తాగేసింది.