రెండో బేస్ మీద దండం

పూర్ణిమకు ఇండియా సాఫ్ట్‌బాల్ జెర్సీ ఇచ్చింది ఒక్క మ్యాచ్ కోసమే. ఆ మాట దాచిపెట్టి ఇవ్వలేదు, మొహం మీదే చెప్పి ఇచ్చారు. సెమీఫైనల్లో షార్ట్‌స్టాప్ జాగాలో, అంటే మధ్యలో బంతులు ఆపే చోట, ఆడే అమ్మాయి కాలు మడతపడి దవాఖాన పాలైంది. మర్నాడే శ్రీలంకతో ఫైనల్. పిలిస్తే పొద్దుటికల్లా వచ్చి నిలబడేవాళ్ళు ఎవరున్నారని స్టాండ్‌బైలలో వెతికితే దగ్గర్లోని చిన్న మంగళారం ఊరి ఎల్లయ్య కూతురు పూర్ణిమ తేలింది. దగ్గరంటే మామూలు దగ్గర కాదు, టోర్నమెంటు జరుగుతున్నదే మొయినాబాద్‌లో. నాలుగు దేశాల ఆడపిల్లలు విమానాలు దిగి వచ్చిన పోటీకి మన పిల్ల తండ్రి మోపెడ్ వెనకాల, కొత్తిమీర మూటల మధ్య ఇరుక్కుని వచ్చింది.

కోచ్ సమత మేడమ్‌ది నిజామాబాద్. నవ్వితే నష్టమన్నట్టు ఉంటుంది ఆమె ముఖం. జెర్సీ చేతిలో పెడుతూ రెండు ముక్కల్లో తేల్చేసింది.

"ఈ ఒక్క మ్యాచ్ నీది. మంచిగ ఆడితె ఆసియా కప్పు టీమ్‌ల నీ పేరుంటది. లేకుంటె లేదు. నా దగ్గర మొహమాటాలు నడువవు."

పూర్ణిమ తల ఊపింది. చేవెళ్ళ కాలేజీలో చేరాక పట్టుకున్న ఆట ఇది. ఊళ్ళో ఎవరికీ అర్థంకాని ఆటను ఇన్నేళ్ళు ఒక్కతే మోసుకు తిరిగింది. అందరూ క్రికెట్టేనా అని అడిగేవాళ్ళు, కాదంటే జాలిగా చూసేవాళ్ళు. ఇవాళ ఆ అడిగినవాళ్ళే ట్రాలీ ఆటో కట్టించుకుని గ్రౌండ్‌కు వచ్చి తాడు పక్కన బారుగా కూర్చున్నారు. అందరికంటే ముందు, గొడుగు వేసుకుని, ఎల్లయ్య తల్లి సంగమ్మ. అవ్వ రావడమే పూర్ణిమకు పెద్ద పండగ, పెద్ద భయం కూడా.

ఆ గ్రౌండ్‌లో ఆదివారాలు హైదరాబాద్ ఉద్యోగులు కిరాయి కట్టి క్రికెట్ ఆడుకుంటారు. ఇప్పుడు దాని మీద సున్నంతో వజ్రం ఆకారం గీశారు. ఆట తెలియనివాళ్ళు కంగారు పడనక్కర్లేదు, చిన్న మంగళారం వాళ్ళకూ తెలియదు. బంతిని కొట్టి, మూడు మూలల్లో ఉన్న మూడు బేస్‌లను వరసగా తాకుతూ, మొదలుపెట్టిన మూలకు, అంటే హోమ్‌కు, తిరిగొస్తే ఒక పరుగు. బేస్‌ను ముట్టుకుని ఉన్నంతసేపు నిన్నెవరూ ఏమీ చేయలేరు. వదిలావా, బంతి పట్టుకున్న మనిషి నీ ఒంటికి దాన్ని ఆనిస్తే చాలు, అవుటై బయటికి పోవాల్సిందే.

మొదటి నాలుగు ఇన్నింగ్స్ పూర్ణిమ బాగానే ఆడింది. ఒక బంతిని పక్కకు దూకి ఆపితే ఊరివాళ్ళు ఈలలు వేశారు. ఐదో ఇన్నింగ్స్‌కు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. పూర్ణిమ బంతిని కొట్టి మొదటి బేస్ చేరింది. ఎదుటి పిచ్చర్ బంతి విసరగానే రెండో బేస్‌కు ఉరికింది. ఉరకడంలో ఆ పిల్లను మించినవాళ్ళు ఆ జట్టులో లేరు, కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. దుమ్ము లేపుతూ కాళ్ళు ముందుకు చాచి జారింది. బేస్ అందింది. అంపైర్ చేతులు చాపి సేఫ్ అన్నాడు.

అక్కడితో ఆగితే కథే లేదు. జారేటప్పుడు పూర్ణిమ బూటు ఆ బేస్ కాస్తున్న శ్రీలంక పిల్ల పిక్కకు ఠప్పున తగిలింది. సంగమ్మ పెంపకంలో కాలు తగలడమంటే చిన్న విషయం కాదు. చాటకు తగిలినా, పుస్తకానికి తగిలినా, చీపురుకు తగిలినా వంగి ముట్టుకుని కళ్ళకద్దుకోవాలి. మనిషికి తగిలితే చెప్పనే అక్కర్లేదు. మాటలు రాకముందే పూర్ణిమకు ఈ అలవాటు అబ్బింది. అందులో ఆలోచన ఉండదు, చెయ్యి దానంతటదే పోతుంది. పోయింది. అయ్యో అనుకుంటూ లేచి, బేస్ మీద నుంచి ఒక అడుగు వేసి, ఆ పిల్ల కాలు ముట్టుకుని రెండు కళ్ళకూ అద్దుకుంది.

శ్రీలంక పిల్ల బిత్తరపోయింది. ఆలస్యంగా అందుకున్న బంతి ఇంకా చేతిలోనే ఉంది. ఒక్క క్షణం చూసి, పాపం మెల్లగా, బంతిని పూర్ణిమ భుజానికి ఆనించింది. అంపైర్ అవుట్ అన్నాడు.

ఆ వెంటనే మన జట్టు పిల్ల ప్రవీణ వచ్చి బంతిని చాలా దూరం కొట్టింది. పూర్ణిమ రెండో బేస్ మీదే ఉండుంటే కళ్ళు మూసుకుని హోమ్‌కొచ్చేది. ఆ పరుగు గాలిలో కలిసిపోయింది. పూర్ణిమ జట్టు కూర్చునే డగౌట్‌లో తువ్వాలు మొహాన వేసుకుని ఏడ్చింది. చేవెళ్ళ కాలేజీ గ్రూపులో అప్పటికే వీడియో తిరుగుతోందని, కింద దండాలు తల్లీ అని రాశారని ఎవరో చెప్పకూడని సమయంలో చెప్పారు.

సమత మేడమ్ అరవలేదు. అరిస్తే బాగుండేది. ఇది గుడి కాదు, గ్రౌండ్ అని మాత్రం అని, నీ జాగాలో ఇంకొకరిని దింపుతానంటూ బెంచీ వైపు తిరిగింది.

అప్పుడు వచ్చింది సంగమ్మ, తాడు దాటుకుని, మూసిన గొడుగు కర్రలా పట్టుకుని. ఆపబోయిన వాలంటీరును ఒక్క చూపు చూస్తే పక్కకు తప్పుకున్నాడు.

"నా మనుమరాలు ఏం తప్పు జేసిందని ఏడిపిస్తున్నవ్ మేడమ్? కాలు దాకితె మొక్కింది. మొక్కకుంటె పాపం గాదా?"

సమత మేడమ్ జవాబు చెప్పేలోపు పూర్ణిమ లేచింది. అవ్వకు ఎదురు మాట్లాడటం ఆమె పుట్టి పెరిగాక ఎప్పుడూ లేదు. అయినా చెప్పింది.

"తప్పు నాదే అవ్వా. మేడమ్‌ను ఏమనకు. నేను మొక్కబోయి అందరి కష్టం మన్నుల కలిపిన."

సంగమ్మకు ఆ మాట ఎక్కడో గట్టిగానే తగిలింది. చుట్టూ ఉన్న ఆడపిల్లలను చూసింది. ఎవరి మోకాళ్ళు చూసినా దోక్కుపోయి ఉన్నాయి, అందరి కళ్ళూ నేల మీద ఉన్నాయి. ఈ పిల్లలంతా ఒక ఇంటివాళ్ళలాగే ఉన్నారని ఆమెకు అప్పుడు అర్థమైంది. తను నేర్పిన మంచి అలవాటే వాళ్ళకు నష్టం చేసిందని కూడా అర్థమైంది.

"గట్లయితె ముందుగాల నీ పని జూస్కో బిడ్డా," అంది. "దేవుడు జరసేపు ఆగుతడు తియ్."

అవ్వ నోట ఆ మాట వస్తుందని పూర్ణిమ కలలో కూడా అనుకోలేదు. ఆ ధైర్యంతోనే కోచ్ ముందుకు వెళ్ళి, ఇంకొక్కసారి తననే ఉంచమని, మళ్ళీ అదే తప్పు చేస్తే జెర్సీ తనే విప్పి ఇస్తానని అంది. సమత మేడమ్ బెంచీ మీద నుంచి లేవబోతున్న అమ్మాయిని చేత్తోనే కూర్చోమంది.

ఆరో ఇన్నింగ్స్‌లో పూర్ణిమ ఒళ్ళు దాచుకోకుండా ఆడింది. నేల మీద పొర్లింది, మోచేయి చీరుకుంది, తన వైపు వచ్చిన ఒక్క బంతినీ దాటనివ్వలేదు. స్కోరు కదల్లేదు. ఏడోది ఆఖరి ఇన్నింగ్స్. శ్రీలంక ముందు ఆడి పరుగు తీయలేకపోయింది. ఇప్పుడు ఇండియా వంతు, ఒక్క పరుగొస్తే కప్పు మనదే.

పూర్ణిమ మూడో బేస్ పక్క నుంచి పోయేలా బంతిని కొట్టి మొదటి బేస్‌కు చేరింది. తర్వాతి అమ్మాయి బంతిని మెల్లగా ముందుకు నెట్టి తాను అవుటై, ఈమెను రెండో బేస్‌కు పంపింది. అక్కడ ఇందాకటి శ్రీలంక పిల్లే ఉంది, చిన్నగా నవ్వింది. పూర్ణిమ నవ్వలేదు. కాలు బేస్‌కు మేకు కొట్టినట్టు పెట్టి నిలబడింది.

ప్రవీణ కొట్టింది. బంతి కుడివైపు గడ్డిలో పడీ పడకముందే పూర్ణిమ మూడో బేస్ మలుపులో ఉంది. అక్కడ గీత అవతల నిలబడ్డ సమత మేడమ్ ఆగమనలేదు, పశువును తోలినట్టు చెయ్యి తిప్పుతూ పొమ్మంది. ఊరివాళ్ళు ఉరుకు, ఉరుకు అని లేచి నిలబడ్డారు. వెనక నుంచి బంతి వస్తోందని హోమ్ దగ్గర కాచుకున్న క్యాచర్ చేతి తొడుగు చూస్తేనే తెలుస్తోంది.

పూర్ణిమ జారింది. కాలు వెళ్ళి క్యాచర్ మోకాలికి బలంగా తగిలింది. ఇద్దరూ దొర్లారు. క్యాచర్ చేతిలో బంతి ఉంది కానీ తొడుగు గాల్లోనే తిరిగింది, ఒంటికి తగల్లేదు. పూర్ణిమ జారడం జారింది కానీ హోమ్ పలకను తాకలేదు, అది జానెడు దూరంలో ఉండిపోయింది. అంపైర్ వంగి చూస్తున్నాడు, ఏ సైగా చేయడం లేదు. పూర్ణిమ ముందు పలకను ముట్టుకుంటే పరుగు, క్యాచర్ ముందు పూర్ణిమను ముట్టుకుంటే అవుట్.

చెయ్యి లేచింది. ఎటు పోవడానికి లేచిందో పూర్ణిమకు తెలుసు. ఆ పిల్ల మోకాలు పలకకంటే దగ్గరగా ఉంది, నొప్పితో ముడుచుకుంది. జరసేపు, దేవుడా, జరసేపు అనుకుంటూ ఆ చేతిని మట్టిలోంచి లాక్కెళ్ళి పలక మీద కొట్టింది. ఆ తర్వాతే బంతి ఆమె వీపుకు తగిలింది.

అంపైర్ చేతులు రెండూ బార్లా చాపాడు. సేఫ్.

గెలిచామని తెలిసినా పూర్ణిమ ముందు క్యాచర్ వైపు తిరిగింది. మోకాలు ముట్టుకుని కళ్ళకద్దుకుంది, తీరిగ్గా, రెండుసార్లు. అప్పటికి జట్టంతా వచ్చి మీద పడింది. ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియలేదు. ప్రవీణ ఆమె చెవిలో ఏదో అరుస్తోంది. తాడు అవతల గెలిచినమా, గెలిచినమా అని సంగమ్మ పక్కవాళ్ళను పట్టి ఊపుతోంది. పూర్ణిమకు ఛాతీ పట్టనంత సంతోషం కలిగింది. ఇన్నేళ్ళు ఒక్కతే మోసిన ఆటను ఇవాళ ఊరంతా మోస్తోంది.

గుంపు కాస్త సడలాక సమత మేడమ్ వచ్చింది. మెచ్చుకుంటుందేమోనని అందరూ చెవులు రిక్కించారు. ఆమె మెచ్చుకోలేదు.

"ఆసియా కప్పు మన దేశంల కాదు," అంది. "పాస్‌పోర్ట్ ఉన్నదా నీకు?"

ఆ ప్రశ్నకు అర్థం తలకెక్కడానికి పూర్ణిమకు కొంచెం సమయం పట్టింది. లేదన్నట్టు తల ఊపింది, కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారాయి. మ్యాచంతా ఊరివాళ్ళ వెనక నిలబడి చూసిన ఎల్లయ్య అప్పటికే మోపెడ్ స్టాండు తీసి నిలబడ్డాడు.

"ఎక్కు బిడ్డా. చేవెళ్ళ మీసేవల పాస్‌పోర్ట్‌కు కాయితం బెట్టాలె, ఐదింటికె మూస్తరు."

"జర ఆగు బాపూ," అంది పూర్ణిమ, ఏడుపులోనే నవ్వుతూ. "కప్పు దీస్కోని వస్త."