లేత్ తాగిన టీలు

నేను ఒక లేత్ మిషన్‌ని. ఇనుప కడ్డీని గిరగిరా తిప్పి నున్నగా చెక్కడం నా వృత్తి. పంజాబులో పోతపోసి, రైలెక్కించి, బెజవాడ ఆటోనగర్‌లో దించారు. మొదటి యజమానికి వ్యాపారం అచ్చిరాలేదు, నన్ను వదిలించుకున్నాడు. రెండో ఆయన నాకు పూలదండ వేసి మరీ తెచ్చుకున్నాడు, పోయేదాకా నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఐదేళ్లుగా షెడ్డు ఆయన కూతురు సుభాషిణిది. ఏటా ఆయుధపూజకు నా తలమీద చిన్న పల్లం చూసి, అదే నుదురనుకుని నిండుగా కుంకుమ పెడుతుంది. మనుషులకు ప్రతిదానికీ ఒక నుదురు కావాలి.

నన్ను నడిపేది కరీముల్లా. ఇరవై రెండేళ్లుగా ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నాకు నచ్చదు.

ఆ ఏడు సుభాషిణి ఏదో శిక్షణ తరగతికి వెళ్లొచ్చింది. మిషన్ షెడ్డులో ఉంటే సరిపోదట, ఎనిమిది గంటల్లో ఎంతసేపు నిజంగా తిరిగిందన్నదే లెక్కట. మర్నాడే మిషన్‌కో పలక వేలాడదీసింది. ఆగినప్పుడల్లా ఎంతసేపు, ఎందుకు అని సుద్దముక్కతో రాయాలి. నెలాఖరుకు బాగా మొరాయించిన మిషన్ పాత ఇనుముకు పోతుంది. ఆ వ్యాపారి ముందే వచ్చి నన్ను వేళ్లతో తట్టి చూసుకున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడరు.

నాకేమో అప్పటికే ఒంట్లో బాగాలేదు. గంట తిరిగితే తల కాలిపోయేది. కరీముల్లా రోజూ నూనె పోసేవాడు, అయినా వేడి తగ్గేది కాదు. ముసలితనం కాబోలని ఇద్దరం అనుకున్నాం. నన్ను ఆపి, చల్లారేదాకా పక్కనే నిలబడి, పలక మీద మాత్రం ‘టీకి వెళ్లాను, ఇరవై నిమిషాలు’ అని రాసేవాడు. రోజుకు ఆరేడు టీలు. పలక ప్రకారం నేను మేలిమి బంగారం, ఆయన పనిదొంగ. తోటివాళ్లు నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చేది. నోరుంటే ఆ రోజే చెప్పేద్దును.

నెలాఖరున సుభాషిణి వచ్చింది.

“ఎలా చెప్పాలో తెలీట్లేదు బాబాయ్. రేపట్నించి దీని మీద ఇంకొకర్ని పెడతాను. నువ్వు ఇంటి దగ్గర రెస్టు తీసుకో.”

కరీముల్లా తలూపాడు. “అట్టాగేనమ్మా. దీన్ని మాత్రం అమ్మమాకండి.”

ఆమె పలక తుడవబోయి ఆగిపోయింది.

“ఈ నెలంతా రంజాన్ రోజాలు గదా బాబాయ్? ఉమ్ము కూడా మింగవు నువ్వు. మరి ఈ టీలన్నీ ఎవరు తాగారు?”

ఆయన నా మీద చెయ్యి వేశాడు.

“ఇదే తాగిందమ్మా.”

ఆమె నా తల ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. నూనె డబ్బా తీసుకుని తనే పోసింది. నూనె కుంకుమ మీదుగా జారి పక్కకు కారిపోయింది. అనుమానం వచ్చి, పైటకు పెట్టుకున్న పిన్నీసు తీసి పల్లంలో పొడిచింది. ఐదేళ్ల కుంకుమ, నూనె, ఇనుప రజను కలిసి గట్టిపడిన ఎర్రటి ముద్ద ఊడివచ్చింది. దాని కింద నా నూనె బెజ్జం!

“ఇన్నాళ్లూ తుడవలేదేం బాబాయ్?”

“మీరు పూజచేసి పెట్టిన బొట్టమ్మా, నేను చెరపగూడదు. కుంకుమే గదా, నూనె దిగుద్దిలే అనుకున్నా.”

ఒకరు ప్రేమతో నా నోరు మూశారు. ఇంకొకరు ప్రేమతో ఆ మూత తీయలేదు. మధ్యలో నేను దాహంతో మాడిపోయాను. అయినా ఆ ఇద్దరి మీదా నాకు కోపం రాలేదు.

కరీముల్లాను ఎవరూ మార్చలేదు. పాత ఇనుము వ్యాపారి మళ్లీ వస్తే సుభాషిణి గుమ్మంలోంచే పంపేసింది. వారాల తరబడి నా పలక ఖాళీగానే ఉంది.

మళ్లీ దసరా వచ్చింది. సుభాషిణి కుంకుమ భరిణతో వచ్చింది. అలవాటున వేలు అక్కడికే వెళ్లబోతే, కరీముల్లా చప్పున బెజ్జం మీద బొటనవేలు అడ్డంపెట్టాడు. బొట్టు ఆయన గోరు మీద పడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఆయన దాన్ని సాయంత్రం దాకా తుడుచుకోలేదు.

మర్నాడు పలక మీద చాలా రోజుల తర్వాత ఒక ముక్క రాశాడు: ‘టీకి వెళ్లాను, పది నిమిషాలు.’

ఆ టీ మాత్రం ఆయనే తాగాడు.