పోచమ్మ పచ్చజొన్న

పోచమ్మ అరెకరం జొన్నను కంపెనీ మనుషులు పట్టపగలు వేళ్లతో సహా పీకుతుంటే ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. పక్కనే ఉన్న శంషాబాద్‌కు నెత్తి మీదుగా విమానాలు దిగుతూనే ఉన్నాయి. ఒక్కరూ చేలోకి దిగి ఆపలేదు. నిజం చెప్పుకోవాలి, ఆ రోజు అందరూ భయపడ్డారు.

కోడలు ప్రేమలత అందరికంటే వెనక నిలబడింది. ఆమెది భయం కాదు, సిగ్గు. ఆమె ఆ విత్తనాల కంపెనీ పొలంలోనే కూలికి పోతుంది. మూడేళ్ల కింద అక్కడి శాస్త్రవేత్త రాఘవయ్య, "వాన లేకపోయినా ఆకు ఎండని జొన్న మీ ఇంట్లో ఉందటగా, కొంచెం తెచ్చిపెట్టమ్మా" అని అడిగితే, అత్త దోసిలి నిండా పోసింది, ప్రేమలత కొంగున కట్టుకుని తీసుకుపోయింది. విత్తనం అడిగినవాళ్లకు లేదనకూడదు, బదులు కోరకూడదు. ఆ ఇంటి పద్ధతి అది. "ఇచ్చినవారి పేరు రాసుకుంటాం" అంటే పోచమ్మ కాగితం మీద వేలిముద్ర కూడా వేసింది. విత్తనం మీద హక్కు వదులుకున్నట్టు అందులో ఉందని చదివి చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

పీకే రోజు రాఘవయ్య కూడా చేలోనే ఉన్నాడు. మర్యాదస్తుడు, గొంతు పెంచడు. "చూడండమ్మా, మీ చేలో ఆకులు ల్యాబులో పరీక్ష చేయించాం. ఎండను తట్టుకునే జన్యువు గుర్తు ఇందులో ఉంది. అది మా కంపెనీ పేర రిజిస్టరైంది," అన్నాడు.

"ఆ గుర్తు నువ్వు పెట్టినవా సారూ?" అని అడిగింది పోచమ్మ.

"పెట్టలేదు. ముందు నుంచీ ఉంది. మేం కనిపెట్టాం."

"ఉన్నదాన్ని చూస్తే నీదైతదా? మా అత్త నా ఒళ్లె పోసిన జొన్న గిది."

అతను మనుషులకు ఇంటి వైపు చూపించాడు. ఇంట్లో కుండలో దాచిన విత్తనం కూడా పట్టుకుపోయారు. ఇక ఆ జొన్న మిగిలింది కంపెనీ చల్లగదిలో, కంపెనీ పొలంలోనే.

పోచమ్మ మళ్లీ అన్నం ముట్టలేదు. తొమ్మిదో రోజు శంషాబాద్ దవాఖానలో, "గింజ గూడ మిగలలేదు బిడ్డా" అంటూ కన్ను మూసింది. ప్రేమలతకు ఏడుపు కూడా రాలేదు.

దినాలు అయ్యేసరికి కంపెనీ పొలంలో ఆ జొన్న పూతకొచ్చింది. ఎంత పెద్ద ల్యాబు ఉన్నా రెండు జొన్నలను కలిపి కొత్త రకం తీయాలంటే ఆడవాళ్ల చేతులే కావాలి. ఒక కంకి పూతలో పుప్పొడి ఉండే మగ తిత్తులను సూదితో తీసి సంచి కడతారు. తర్వాత పొద్దున్నే వేరే కంకి పుప్పొడి తెచ్చి దాని మీద దులుపుతారు. నాలుగు రోజులు దాటితే ఆ ఏటికి అంతే.

సద్ది తినే రేకుల షెడ్డు కింద ముప్పై మంది ఆడకూలీలు కూర్చున్నారు.

"ఇత్తనం వాపసు ఇచ్చేదాంక పుప్పొడి ముట్టొద్దు," అంది ప్రేమలత.

"నా ఇత్తనం పోలే. పోతే నా కూలి పోతది. నేనెందుకు కూసోవాలె?" సునీత అడిగేసింది.

"రేపు నీ ఇంట్ల కందులు అడుగుతరు. నువ్వు గూడ ఇస్తవు. నేను గట్లనే ఇచ్చిన, ఈ చేతులతోటి. మా అత్తను నేనే సంపుకున్న అక్కా."

అందరిలో పెద్దదైన కౌసల్యమ్మ ఆమె తల మీద చెయ్యి వేసింది. "ఇచ్చుడు తప్పు కాదు పిల్లా. గుంజుకునుడు తప్పు."

అప్పుడొచ్చింది ప్రేమలతకు ఏడుపు. సునీత జరిగి ఆమె పక్కకొచ్చి కూర్చుంది.

మూడు రోజులు గట్టు మీద కూర్చున్నారు. రాఘవయ్య బతిమాలాడు. సూపర్‌వైజర్ గోవర్ధన్ బెదిరించాడు. నాలుగో పొద్దున పోలీసులు వచ్చి ప్రేమలతను జీపెక్కించారు. ఆ వెనకే గోవర్ధన్ మైలార్‌దేవ్‌పల్లి నుంచి వ్యానులో కొత్త కూలీలను దింపాడు.

"ఏందక్కా, ఏమైంది?" అని వాళ్లలో ఒకామె సునీతను అడిగింది.

సునీత మొదటి నుంచి చెప్పింది. కొత్తామె చివరిదాకా విని, చేతిలోని సద్ది సంచి కింద పెట్టి, సునీత పక్కన కూర్చుంది. వెనకాలే మిగతావాళ్లూ కూర్చున్నారు.

పోలీసులు కాగితాలు రాసుకున్నాక జీపు కదిలేటప్పుడు ప్రేమలత వెనక్కి తిరిగి చూసింది. ఎండెక్కింది. నలభై సాళ్ల జొన్నలో రాఘవయ్య ఒక్కడే పుప్పొడి సంచి పట్టుకుని కంకి నుంచి కంకికి పరుగెత్తుతున్నాడు. గట్టు మీద ఒక్క మనిషీ లేవలేదు.