రెండు పూతల సున్నం

మా పాత ఎయిర్‌పోర్టును కాపాడబోయి ముంచినవాణ్ణి నేనే. రిటైరైన లెక్చరర్‌ని. ఇంగ్లీషు బాగా వచ్చన్న పొగరొకటి.

వరంగల్ శివార్లలో నిజాం కాలంనాటి ఆ రన్‌వే చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతేశారు. వెంచర్ పేరు ‘ఎయిర్‌పోర్ట్ ఎన్‌క్లేవ్’. ఎయిర్‌పోర్టును చంపి దాని పేరు అమ్ముకుంటారట! ఒళ్లు మండి, దాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించమని పురావస్తు శాఖకు ఇంగ్లీషులో ఆరు పేజీల దరఖాస్తు పెట్టాను. ఎయిర్‌పోర్టు కట్టడాల్లో మిగిలిన ఒక్క గదిలో, గోడ మీద బొగ్గుతో ఉర్దూ రాతలున్నాయి. ఏ రోజు ఏ విమానం దిగింది, గాలి ఎటు వీచింది, ప్రతి వరుస కింద గుమస్తా మదార్ సాహెబ్ సంతకం. ఉర్దూ తెలిసిన మిత్రుడితో చదివించుకున్నాను. అంతకు మించి ఆధారం లేదు.

మదార్ సాహెబ్ మనవడు జలాల్ ఇప్పుడక్కడ వాచ్‌మన్. చదివింది తెలుగు మీడియం, ఉర్దూ అక్షరం ముక్క రాదు.

పరిశీలనకు ఆఫీసరు వస్తున్నాడని తెలిసి జలాల్‌కి ఫోన్ చేశాను.

“జలాల్ భాయ్, రేపు పెద్ద సార్ వస్తాండు. గది జర సాఫ్ చేసి పెట్టు.”

“ఫికర్ జెయ్యకుండ్రి సార్, నేను జూస్కుంట.”

మర్నాడు వెళ్లేసరికి గది పెళ్లింటిలా మెరిసిపోతోంది. ఆఫీసరు తెల్లటి గోడను వేలితో తాకి, “రాతలెక్కడండీ?” అన్నాడు. నా ఫోన్‌లోని మసక ఫొటో చూసి, “ఇది ఏ గోడైనా కావచ్చు” అని ఫైలు మూసి జీపెక్కాడు.

జలాల్ నవ్వుతూ చాయ్ తెచ్చాడు. “గోడ నిండ బొగ్గు గీతలుండె సార్. పరువు పోతదని తడిబట్టతోని రుద్ది, రెండు పూతలు సున్నం గొట్టిన. సార్‌కు నచ్చిందా?”

తిట్టడానికి నోరు తెరిచాను. అతని చేతులు సున్నానికి పొక్కిపోయి ఉన్నాయి. ఆరు పేజీల్లో ఒక్క ముక్కయినా ఇతనికి చెప్పానా? వాచ్‌మన్‌కెందుకులే అనుకున్నాను. సిగ్గేసింది.

“నచ్చింది” అన్నాను.

“మా దాదా గీడనే నౌకరి జేసిండు. ఆయన పేరు రాసిండ్రా, గా సార్ ఫైల్ల ఉన్న మీ కాయితంల?”

“రాసిన.”

“ఆయన గుర్తుకు నిషానీ ఒక్కటి గూడ మా ఇంట్ల లేదు సార్. గా ముక్క జర సదివి ఇనిపియ్యుండ్రి.”

కాగితాలు నా సంచిలోనే ఉన్నాయి. బస్సుకు టైమైందని చెప్పి బయటపడ్డాను.