జిగురుతో వచ్చిన అక్షరాలు

శారద హనుమకొండలోని ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. 1964 ఆగస్టులో జరిగే ఎగ్జిబిషన్‌లో, సిరా లేకుండా వెలుతురుతోనే నకలు తీసి చూపిస్తానని ప్రిన్సిపాల్‌కు మాటిచ్చింది. విదేశాల్లో అట్లాంటి యంత్రాలు వచ్చాయని ఆమె పత్రికలో చదివింది.

జింకు రేకు మీద గంధకం కరిగించి పోసింది. చీకట్లో దాన్ని పట్టుగుడ్డతో రుద్దితే విద్యుదావేశం ఎక్కుతుంది. అక్షరాలు రాసిన గాజుపలకను పైన పెట్టి బల్బు వేస్తే, వెలుతురు తగిలినచోట ఆవేశం పోతుంది, అక్షరాల నీడ పడినచోట ఉండిపోతుంది. మసి కలిపిన లక్కపొడిని గాజుపూసలతో కుదిపితే దానికి వ్యతిరేక ఆవేశం వస్తుంది. ఆ పొడి చల్లితే నీడలకే అంటుకుంటుంది. కాగితం అద్ది వేడి చేస్తే లక్క కరిగి అక్షరాలు నిలుస్తాయి.

ఎండాకాలంలో చక్కగా వచ్చింది. ఎగ్జిబిషన్ నాటికి ముసురు పట్టింది. తేమకు రేకు మీద ఆవేశం నిలవలేదు. ఆ సంగతి చెప్పడానికి శారదకు నోరు రాలేదు. ఎవరూ చూడకుండా రేకు మీద పలచటి జిగురుతో ‘వరంగల్’ అని తిరగేసి రాసింది. జనం ముందు దీపం ఆర్పి, రుద్దినట్టు నటించింది. పొడి అంటుకుంది. కాగితం చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

ఆమెకు సాయం చేస్తున్న విద్యార్థిని వజీరా అందరికన్నా ఎక్కువ మురిసిపోయింది. వాళ్ల నాన్న లియాఖత్ అలీ మగ్గం మీద జంఖానాలు, అంటే నూలు తివాచీలు, నేస్తాడు. ఆయన ముందుకొచ్చాడు.

“అమ్మా, మా మగ్గం డిజైన్ గిట్లనే దిగుతదా?”

“ఎందుకు దిగదు అబ్బా? నేనే చేసి చూపిస్త!” అంది వజీరా తండ్రితో.

శారద ఆపేలోపే ఆ పిల్ల గాజు మీద పువ్వు గీసి, దీపం ఆర్పి ఇంకో రేకు రుద్ది, బల్బు వేసి పొడి చల్లింది. పొడి రేకంతా మరకలు మరకలుగా పరచుకుంది. ఎవరో నవ్వారు.

“నేనే మంచిగ రుద్దలే మేడమ్,” అంది వజీరా, కళ్లనీళ్లతో.

“జర చూసుకొని చెయ్యొద్దా? గింతమంది ముందట మేడమ్ ఇజ్జత్ తీస్తివి!” అని తండ్రి కసిరాడు.

శారద ఆ మరకల రేకును తీసి బల్ల కింద పెట్టేసింది.

మర్నాడు వానలో వాళ్లింటికి వెళ్లి, గడపలోనే నిలబడి చెప్పింది.

“నిన్న తప్పు వజీరాది కాదు. మొదటిది నేను జిగురుతో రాసిన. మీరు తిడ్తుంటే గూడ నోరు మూసుకున్న.”

లియాఖత్ అలీ కూతురి వైపు చూశాడు.

“మా గల్లీల అందరికి నిజమని చెప్పిన మేడమ్,” అని వజీరా లోపలికి పోయింది.

సోమవారం క్లాసులో శారద ఆ సంగతి అందరికీ చెప్పింది. ప్రిన్సిపాల్ పెట్టిన చీవాట్లు తిని ఊరుకుంది.

డిసెంబరులో గాలి పొడిబారాక మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి పువ్వు రెక్కలతో సహా కాగితం మీద దిగింది. తండ్రీకూతుళ్లిద్దరికీ కబురు పంపింది. లియాఖత్ అలీ ఒక్కడే వచ్చాడు. కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

“మంచిగొచ్చిందమ్మా.”

“వజీరా రాలేదా?”

“రమ్మన్న. రానన్నది,” అన్నాడాయన, మెల్లగా. “పిల్ల మిమ్మల్ని శాన నమ్మింది గద. జర టైం పడ్తది.”

శారద తల ఎత్తలేకపోయింది. ఆయన వెళ్లొస్తానని చెప్పేదాకా బల్ల మీద రాలిన పొడిని గుడ్డతో తుడుస్తూనే ఉంది.