వరమ్మ ఎత్తిన చెయ్యి

రాయపూర్‌లో ఒక్కరోజు నాయకత్వ శిక్షణ పూర్తిచేసుకొచ్చిన బసవరాజు, మర్నాడు పొద్దున్నే జాముల్‌లోని తన వెల్డింగ్ షెడ్‌లో పద్దెనిమిది మంది పనివాళ్లనూ వరసగా నిలబెట్టాడు. ‘అందరినీ కలుపుకుపోయే నాయకుడు’ అని రాసిన బిళ్ల ఇంకా మెడలోనే ఉంది. పడుకునేటప్పుడైనా తీశాడో లేదో అనుమానమే.

పదకొండింటికి పని ఇచ్చే కంపెనీ నుంచి ఇంజనీరు ఇంద్రజ వస్తుంది. షెడ్‌లో తయారైన ఇనుప ప్లాట్‌ఫాం ఆవిడ పరీక్షలో నెగ్గితే ఏడాదికి సరిపడా పని. నెగ్గకపోతే షెడ్డుకి తాళమే. ఆ భయంతో బసవరాజుకి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. మాటలు మాత్రం బాగానే సయిస్తున్నాయి.

పని మొదలెట్టేముందు అయిదు నిమిషాలు జాగ్రత్తలు చెప్పడం అక్కడి ఆనవాయితీ. ఆయన చెబుతాడు, అందరూ "హా సాబ్" అని పనిలోకి పోతారు.

"ఆజ్ సే మై నహీ బోలూంగా, సబ్ బోలేంగే! ఇయ్యాల్టినించి నాను కాదు, మీరే మాటాడాల! నాయకుడంటే ఏటి? ఇనేవాడు!" అంటూ అందుకుని, వినడం ఎంత గొప్ప విద్యో బసవరాజు నలభై నిమిషాలు చెప్పాడు.

మధ్యలో రంగులు వేసే వరమ్మ చెయ్యెత్తింది.

"ఆగమ్మా, ఇనడం గురించే సెప్తన్నాను కదా."

కాసేపాగి మళ్లీ ఎత్తింది. "సూడండి, వరమ్మకెంత ఉత్సాహమో!" అని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. మూడోసారి ఎత్తితే, "సేతులెత్తడం ఇస్కూల్లో. మనవంతా ఒకే కుటుంబం" అని దింపించాడు. ఆ కుటుంబంలో ఆయన భార్యకే మాట్లాడే వంతు రాదని వైశాలి నగర్‌లో ఇంటి చుట్టుపక్కల వాళ్లందరికీ తెలుసు.

వరమ్మ రంగు డబ్బా తీసుకుంది.

ఇంద్రజ వచ్చేసరికి ప్లాట్‌ఫాం ఎర్రగా మెరుస్తోంది, మూడు చోట్ల తప్ప. అక్కడ అరచేతి మేర ఇనుము బోసిగా కనిపిస్తోంది. బసవరాజు వరమ్మ మీదికి వెళ్లాడు.

"ఏటే వరమ్మా, పరువు తీసినావు! ఈ మచ్చలేటి?"

"అక్కడ అతుకు లేదు బాబూ. జగ్గయ్య తొందర్లో ఒగ్గేసినాడు. రంగేస్తే కనపడదు. రేపెవుడి కొడుకో దానిమీద నిలబడతాడు. మూడుసార్లు సెయ్యెత్తినాను. ఇనడం గురించి సెప్తన్నాను, ఆగమన్నారు."

పక్కనే ఉన్న వెల్డర్ జగ్గయ్య తలొంచుకున్నాడు. ఇంద్రజ వంగి మూడు చోట్లూ తడిమి చూసింది.

"మిగతా షెడ్లలో నేనే రంగు గీకి తప్పులు వెతుక్కుంటా అంకుల్. ఇక్కడ మీరే చూపించారు. వెల్డింగ్ చేయించండి, నాలుగింటికి మళ్లీ చూసి సంతకం పెడతా. బహుత్ అచ్ఛా! ఎవరిదీ పద్ధతి?"

పోయిన ప్రాణం తిరిగొచ్చింది బసవరాజుకి. దానితో పాటు గొంతూ వచ్చింది. మెడలో బిళ్ల సర్దుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, ఉపన్యాసానికి నోరు తెరిచాడు.

వరమ్మ చెయ్యి మళ్లీ లేచింది.

బసవరాజు ఆ చేతికేసి చూశాడు. ఈసారి ఏ అతుకు లేదో! పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అనబోయిన మాట మింగేశాడు.

"నువ్వు మాటాడమ్మా."

"మరేటీ లేదు బాబూ. మీ కాలు నా రంగు డబ్బాలో ఉంది."

షెడ్డంతా గొల్లుమంది. బసవరాజు చీలమండ దాకా ఎర్రబడ్డ కాలు పైకి తీశాడు. సిగ్గు అంతకంటే పైదాకా ఎక్కింది.

"పద్ధతి ఈవిడిదమ్మా" అని ఇంద్రజతో చెప్పి, మెడలోని బిళ్ల తీసి జేబులో వేసుకున్నాడు.